గురుత్వాకర్షణ మిగతా మూడు బలాలతో ఎక్కడ కలవాలి: స్ప్రెడ్‌షీట్‌లో మీరే లెక్క కట్టుకునే పద్ధతి

దీనికి కావలసింది ఎక్సెల్ లాంటి ఒక స్ప్రెడ్‌షీట్, ఓ డజను అంకెలు, ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న సంవర్గమానాలు. ఓ సాయంత్రం కూర్చుంటే పూర్తవుతుంది. చివరికి చేతిలో ఒక గ్రాఫ్ మిగులుతుంది. అందులో మూడు గీతలు ఒకచోటికి వస్తున్నట్టుంటాయి. నాలుగోది, అంటే గురుత్వాకర్షణ గీత, వాటికి కాస్త ఎడంగా పోతుంది. ఆ ఎడం ఎంత, దాన్ని పూడ్చడానికి ఎవరు ఏ ఉపాయం చెప్పారు, ఏ ఉపాయం ఏ అంకె దగ్గర బెడిసికొడుతుంది అన్నదే ఇక్కడ చూడబోయేది.

నాలుగు బలాలనీ (గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, బలహీన బలం, బలమైన బలం) కలిపే సిద్ధాంతం ఏదీ ఇంతవరకు ప్రయోగంలో నెగ్గలేదని ముందే తెలుసుకోవాలి. విద్యుదయస్కాంత బలం, బలహీన బలం ఒకే కుదుటివన్న సంగతి మాత్రం గట్టిది. గ్లాషో, సలాం, వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ వచ్చింది దానికే. మిగతాదంతా ప్రతిపాదన. ప్రతిపాదనే అయినా అంకెల ముందు నిలబడాలి.

ముందు రాసి పెట్టుకోవలసిన అంకెలు

మొదటి షీట్‌లో ఇవి వేయండి:

- గురుత్వ స్థిరాంకం: 6.674×10⁻¹¹ (ఎస్‌ఐ ప్రమాణాల్లో)
- కూలుంబ్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశ వర్గంతో గుణిస్తే వచ్చేది: 2.307×10⁻²⁸ జౌల్ మీటర్
- ప్రోటాన్ ద్రవ్యరాశి 1.673×10⁻²⁷ కిలోగ్రాములు, ఎలక్ట్రాన్‌ది 9.109×10⁻³¹
- ప్లాంక్ స్థిరాంకాన్ని 6.283తో భాగించి కాంతివేగంతో గుణిస్తే: 3.162×10⁻²⁶ జౌల్ మీటర్
- ప్లాంక్ ద్రవ్యరాశి: 1.221×10¹⁹ జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్టులు)
- మార్పిడికి: జీఈవీ విలోమం ఒకటికి 1.973×10⁻¹⁶ మీటర్లు, లేదా 6.58×10⁻²⁵ సెకన్లు

రెండో షీట్ నుంచి అన్నీ జీఈవీల్లోనే నడపండి. జౌళ్లు, జీఈవీలు ఒకే షీట్‌లో కలిపారంటే తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడానికే రెండో సాయంత్రం పోతుంది.

గురుత్వాకర్షణ ఎంత బలహీనం?

హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కీ ఎలక్ట్రాన్‌కీ మధ్య విద్యుత్ ఆకర్షణని గురుత్వాకర్షణతో భాగించండి. రెండూ దూరం వర్గంతోనే తగ్గుతాయి గనక దూరం కొట్టుకుపోతుంది. 2.27×10³⁹ వస్తుంది. అదే లెక్క రెండు ప్రోటాన్లకి చేస్తే 1.24×10³⁶. రెండు ఎలక్ట్రాన్లకి 4.17×10⁴².

చాలా వ్యాసాల్లో ఈ మూడు అంకెల్లో ఏదో ఒకటి "గురుత్వాకర్షణ ఇన్ని రెట్లు బలహీనం" అంటూ కనిపిస్తుంది. ఒకదానితో ఒకటి పొసగక పాఠకుడు తికమకపడతాడు. నిజానికి మూడూ సరైనవే. విద్యుత్‌కి ఆవేశం ఎలాగో గురుత్వాకర్షణకి ద్రవ్యరాశి అలాగ. ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ ఆవేశం ఒకే పరిమాణం, ద్రవ్యరాశిలో మాత్రం 1836 రెట్ల తేడా. కాబట్టి గురుత్వాకర్షణ బలాన్ని ఒకే అంకెలో చెప్పడం కుదరదు. అది బలహీనంగా కనిపించడానికి అసలు కారణం మన కణాలు ప్లాంక్ ద్రవ్యరాశితో పోలిస్తే అతి తేలికవి కావడమే. ప్రశ్నని ఇలా తిప్పుకుంటే తర్వాతి లెక్కలన్నీ తేలికవుతాయి.

పోల్చడానికి ప్రమాణాలు లేని సంఖ్య కావాలి. బలం ఎంత గట్టిదో చెప్పే ఆ సంఖ్యనే కప్లింగ్ అంటారు. గురుత్వ స్థిరాంకాన్ని ద్రవ్యరాశి వర్గంతో గుణించి 3.162×10⁻²⁶తో భాగించండి. ప్రోటాన్‌కి 5.9×10⁻³⁹ వస్తుంది. విద్యుత్‌కి ఇదే పాత్రలో ఉన్న సంఖ్య 1/137. ద్రవ్యరాశి స్థానంలో కణాల ఢీకొట్టే శక్తిని పెడితే మనకు కావలసిన సూత్రం చేతికొస్తుంది: గురుత్వ కప్లింగ్ అంటే, శక్తిని 1.221×10¹⁹తో భాగించి వర్గం చేసినది. శక్తి పదింతలైతే ఇది వందింతలవుతుంది.

మూడు గీతలు గీయడం

మిగతా మూడు బలాల కప్లింగ్‌లు కూడా శక్తితో మారతాయి, కాని చాలా నింపాదిగా, సంవర్గమానం లెక్కన. వాటి విలోమాలు తీసుకుంటే గ్రాఫ్‌లో సరళరేఖలు వస్తాయి, అందుకే అందరూ విలోమాలే గీస్తారు.

మొదలు పెట్టే చోటు జడ్ బోసాన్ (బలహీన బలాన్ని మోసే కణాల్లో ఒకటి) ద్రవ్యరాశి, 91.19 జీఈవీ. అక్కడ విద్యుదయస్కాంత కప్లింగ్ విలోమం 127.95, బలహీన మిశ్రమ కోణం (విద్యుదయస్కాంత, బలహీన బలాలు ఏ పాళ్లలో కలిశాయో చెప్పేది) సైన్ వర్గం 0.2312, బలమైన కప్లింగ్ 0.118. వీటి నుంచి:

- రెండో గీత (బలహీన బలం): 127.95 × 0.2312 = 29.58
- ఒకటో గీత (హైపర్‌చార్జ్, బలహీన బలంతో కలిసి విద్యుదయస్కాంతాన్ని ఇచ్చేది): 0.6 × 127.95 × 0.7688 = 59.02
- మూడో గీత (బలమైన బలం): 1 ÷ 0.118 = 8.47

ఒకటో గీతలోని 0.6 ఏదో సర్దుబాటు కోసం పెట్టింది కాదు. మూడు బలాలూ ఒకే పెద్ద సౌష్ఠవంలో ఇమడాలంటే హైపర్‌చార్జ్‌ని మిగతావాటితో సమానమైన కొలబద్దతో కొలవాలి. జార్జి, గ్లాషో 1974లో ప్రతిపాదించిన ఎస్‌యూ(5) అనే సౌష్ఠవంలో ఆ కొలబద్ద 3/5గా తేలుతుంది.

ఇక వాలు. ప్రామాణిక నమూనాలో (ఇప్పటిదాకా తెలిసిన కణాలనీ, గురుత్వాకర్షణ కాక మిగతా మూడు బలాలనీ వివరించే సిద్ధాంతంలో) మూడు గీతల గుణకాలు వరసగా 4.1, −3.167, −7. గుణకాన్ని 6.283తో భాగించి, శక్తిని 91.19తో భాగిస్తే వచ్చినదాని సహజ సంవర్గమానంతో గుణించి, మొదటి విలువలోంచి తీసేయండి. స్ప్రెడ్‌షీట్‌లో సహజ సంవర్గమానానికి ఎల్‌ఎన్ అనే ఫంక్షన్ ఉంది. వరసలు శక్తి పదింతలు పెరిగేలా పెట్టుకోండి: 10³, 10⁴ మొదలు 10¹⁹ దాకా. ప్రతి మెట్టుకి ఒకటో గీత 1.50 దిగాలి, రెండోది 1.16 ఎక్కాలి, మూడోది 2.57 ఎక్కాలి. అలా రాకపోతే అక్కడే ఆగి సరిచూసుకోండి.

గీతలు కలిసే చోట్లు ఇలా వస్తాయి. ఒకటీ రెండూ 1.0×10¹³ జీఈవీ దగ్గర (విలోమం 42.4), ఒకటీ మూడూ 2.4×10¹⁴ దగ్గర (40.4), రెండూ మూడూ 9.7×10¹⁶ దగ్గర (47.0). అంటే ఒక బిందువు కాదు, ఒక త్రికోణం. ప్రామాణిక నమూనా ఒక్కదానితో మూడు బలాలే సరిగ్గా కలవవు, ఇక గురుత్వాకర్షణ సంగతి తర్వాత.

ఇప్పుడు గుణకాల్ని 6.6, 1, −3గా మార్చండి. ఇవి ప్రతి కణానికీ ఒక సూపర్ జోడీ ఉందనుకునే సూపర్‌సిమెట్రీ నమూనావి. ఒకటీ రెండూ 2.0×10¹⁶ జీఈవీ దగ్గర 24.32 మీద కలుస్తాయి, అక్కడ మూడోది 24.24. ఈ కలయిక చూసే ఒక తరం భౌతిక శాస్త్రవేత్తలు సూపర్‌సిమెట్రీని అంత గట్టిగా నమ్మారు. అయితే ఆ జోడీ కణాలు 91 జీఈవీ నుంచే ఉన్నాయని మనం ఉచితంగా అనుకున్నాం. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో అవి ఇంతవరకు కనబడలేదు. వాటిని 2000 జీఈవీ దగ్గర మొదలుపెట్టి చూడండి: అక్కడిదాకా పాత గుణకాలు, ఆ తర్వాత కొత్తవి. 8×10¹⁵ దగ్గర మొదటి రెండూ 26.5 అవుతాయి, మూడోది 25.8 దగ్గర ఉండిపోతుంది. రెండో దశ సవరణలు కలిపితే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. కాని ఆ 24.32, 24.24ల ముచ్చటైన పొందిక మనం వేసిన తేలిక లెక్కదని గుర్తుంచుకోండి.

తప్పులు ఎలా బయటపడతాయి

ఒకటీ రెండూ గీతలు ప్రామాణిక నమూనాలో 10²⁷ జీఈవీ దగ్గర కలిస్తే రెండు అనుమానాలు: 0.6 మరిచిపోయారు, లేదా ఎల్‌ఎన్ బదులు పది ఆధారపు లాగ్ వేశారు. విచిత్రంగా రెండు తప్పులకీ దాదాపు ఒకే జవాబు వస్తుంది. ఏది జరిగిందో తేల్చుకోవాలంటే మూడో గీతని 1000 జీఈవీ దగ్గర చూడండి. అక్కడ 11.14 ఉండాలి, అంటే బలమైన కప్లింగ్ 0.090. మీకు 9.6 కనిపిస్తే తప్పు లాగ్‌ది.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు 127.95 బదులు 137.04 వేయడం. సూపర్‌సిమెట్రీ గుణకాలతో ఒకటీ రెండూ 2×10¹⁷ దగ్గర 26.05 మీద కలుస్తాయి, మూడోది 25.4 దగ్గర ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంది కదా అని వదిలేస్తారు, ఎందుకంటే అంకె అసంబద్ధంగా లేదు. 137 అన్నది అతి తక్కువ శక్తి దగ్గరి విలువ. 91 జీఈవీకి చేరేసరికి అది 128కి దిగుతుంది. అక్కడి మిగతా రెండు అంకెలతో దీన్ని కలపకూడదు.

నాలుగో గీత

గురుత్వ కప్లింగ్ విలోమాన్ని అదే షీట్‌లో కొత్త నిలువు వరసలో వేయండి. 10¹⁶ జీఈవీ దగ్గర దాదాపు 14.9 లక్షలు, 10¹⁷ దగ్గర 14,900, 10¹⁸ దగ్గర 149, 10¹⁹ దగ్గర 1.5. నిలువు అక్షం 0 నుంచి 60 దాకానే ఉంటే ఈ గీత ఎక్కడా కనిపించదు, 10¹⁸ దాటాక కొండచరియ లాగా నిట్టనిలువుగా పడుతుంది. గ్రాఫ్ పాడైందనుకోకండి. నిలువు అక్షాన్ని కూడా లాగ్ స్కేల్‌కి మార్చి ఇంకో గ్రాఫ్ గీస్తే అది చక్కని ఏటవాలు గీతగా కనిపిస్తుంది, మిగతా మూడూ అడ్డంగా పడుకున్నట్టుంటాయి.

విలోమం 24.3 అయ్యే చోటు: 1.221×10¹⁹ని 24.3 వర్గమూలంతో, అంటే 4.93తో భాగించండి. 2.5×10¹⁸ జీఈవీ. మూడు బలాలు కలిసింది 2×10¹⁶ దగ్గర. ఎడం సుమారు 120 రెట్లు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సైద్ధాంతికులు ఎక్కువగా వాడేది "తగ్గించిన" ప్లాంక్ ద్రవ్యరాశి, 2.435×10¹⁸ జీఈవీ. ఐన్‌స్టైన్ సమీకరణంలోని 8πని అందులో కలిపేస్తే అయిదు రెట్లు తగ్గి వచ్చే అంకె ఇది. దానితో కలయిక 4.9×10¹⁷కి దిగుతుంది, ఎడం దాదాపు 24 రెట్లకి. రెండిట్లో ఏది వాడారో షీట్ పైన రాసి పెట్టండి, మధ్యలో మార్చకండి.

మొదట్లో 10³⁹ తేడాతో మొదలైన లెక్క పాతిక రెట్ల తేడాకి రావడం చిన్న విషయం కాదు. కణాలన్నీ సన్నని తీగల కంపనాలే అనే స్ట్రింగ్ సిద్ధాంతంలోనూ ఇదే రకం ఎడం ఎదురైంది. బలహీన కప్లింగ్ ఉన్న హెటెరోటిక్ స్ట్రింగ్ అనే రకంలో నాలుగు బలాలూ కలవాల్సిన చోటు దాదాపు 5.3×10¹⁷ని కప్లింగ్ సంఖ్యతో గుణిస్తే వస్తుంది. ఇక్కడ ఆ సంఖ్య అంటే 4πని మన 24.3తో భాగించి వర్గమూలం తీసినది, 0.72, అంటే 3.8×10¹⁷ జీఈవీ. గీతలు చూపించే 2×10¹⁶కి ఇది 20 రెట్లు పైన. మా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ఆసక్తికరమైన అంకె ఈ 20. కొట్టిపారేయడానికి చిన్నది, సరిపోయిందనడానికి పెద్దది.

ఎడం పూడ్చే ఉపాయం: ఇంకో దిశ

గురుత్వాకర్షణ ఒక్కటే తిరగగల అదనపు దిశ ఒకటి ఉందనుకుందాం. దాని పరిమాణం కంటే తక్కువ దూరాల్లో, అంటే ఒక హద్దు శక్తికి పైన, గురుత్వ కప్లింగ్ శక్తి వర్గంతో కాక ఘనంతో పెరుగుతుంది. షీట్‌లో గురుత్వ వరసని, హద్దు దాటాక, శక్తిని హద్దుతో భాగించినదానితో గుణించండి. కలయికని 2×10¹⁶ దగ్గరికి దించాలంటే హద్దు ఎక్కడ పెట్టాలో వెతకండి. మామూలు ప్లాంక్ ద్రవ్యరాశితో 1.3×10¹² జీఈవీ, తగ్గించినదానితో 3.3×10¹³ వస్తుంది. హొరావా, విట్టెన్‌ల పదకొండో పరిమాణం ఆలోచనని తీసుకుని 1996లో విట్టెన్ ఎడం పూడ్చింది దాదాపు ఈ దారినే. మనది ముతక లెక్క, కాని దిశ అదే.

అదనపు దిశని ఇంకా పెద్దది చేస్తే? 1998లో అర్కానీ-హమేద్, డిమోపౌలోస్, ద్వాలీ ఆ ప్రశ్నే వేశారు. ప్లాంక్ ద్రవ్యరాశి వర్గం = అసలు గురుత్వ శక్తిని (దిశల సంఖ్య + 2) ఘాతానికి పెంచి, దిశ వ్యాసార్ధాన్ని దిశల సంఖ్య ఘాతానికి పెంచి, గుణించినది. అసలు శక్తి 1000 జీఈవీ అనుకుని వ్యాసార్ధం తీయండి:

- ఒక దిశ: 2.9×10¹³ మీటర్లు. సూర్యుడికీ భూమికీ మధ్య దూరానికి దాదాపు 200 రెట్లు. గ్రహాల కక్ష్యలే దీన్ని కొట్టేస్తాయి.
- రెండు దిశలు: 2.4 మిల్లీమీటర్లు.
- మూడు దిశలు: 10 నానోమీటర్లు.
- ఆరు దిశలు: 4.5×10⁻¹⁴ మీటర్లు.

రెండు దిశల కేసుని బల్ల మీద తేల్చవచ్చు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం సన్నని తీగకి వేలాడే మెలితిప్పు తులతో 2020లో 52 మైక్రోమీటర్ల దూరం దాకా విలోమ వర్గ సూత్రాన్ని పరీక్షించింది. గురుత్వాకర్షణంత బలమున్న కొత్త బలం ఏదైనా ఉంటే దాని పరిధి 38.6 మైక్రోమీటర్లకి లోపే అని తేల్చింది. 2.4 మిల్లీమీటర్ల ఊహ అక్కడితో పోయింది. 38.6 మైక్రోమీటర్లని సూత్రంలో వెనక్కి పెడితే రెండు దిశలకి అసలు శక్తి కనీసం 8000 జీఈవీ దాకా పోవాలి. గుణకాల సంప్రదాయాన్ని బట్టి ఈ అంకె కొంత మారుతుంది.

విద్యుత్ కూడా గురుత్వాకర్షణేనా?

అదనపు దిశ ఆలోచనకి మూలం కలూజా (1921), క్లైన్ (1926). వాళ్ల లెక్కలో విద్యుదయస్కాంతం అంటే అయిదో దిశలోని గురుత్వాకర్షణే. దీన్ని లెక్కపెట్టి చూసుకోవచ్చు. కాలంతో కలిపి ఎన్ని పరిమాణాలో ఆ సంఖ్యని, దానికి మూడు తక్కువైన సంఖ్యతో గుణించి రెండుతో భాగిస్తే గురుత్వ తరంగానికి ఎన్ని ధ్రువణాలో (అది ఊగగల వేర్వేరు రీతులు) వస్తాయి. నాలుగుకి 2, అయిదుకి 5. ఆ అయిదుని మన నాలుగు పరిమాణాల్లో చూస్తే: గురుత్వాకర్షణకి 2, కాంతికి 2, ఒక స్కేలార్ క్షేత్రానికి (దిశ లేకుండా పరిమాణం మాత్రమే ఉన్నది) 1. కాంతి అడగకుండానే వచ్చింది. ఎవరూ చూడని స్కేలార్ కూడా అడగకుండానే వచ్చి కూర్చుంది.

ఇక ఆ అయిదో దిశ చిన్న వలయంగా చుట్టుకుని ఉందనుకుంటే, దాని వ్యాసార్ధం. అయిదో దిశలో కణం మొమెంటమే దాని ఆవేశం, ఆ మొమెంటం వలయం చుట్టూ పూర్ణాంకాల్లోనే వస్తుంది, కాబట్టి ఆవేశం కూడా తునకలుగానే ఉండాలి. వ్యాసార్ధం = ప్లాంక్ పొడవు (1.616×10⁻³⁵ మీటర్లు) × 2 ÷ (1/137 వర్గమూలం). 23.4 ప్లాంక్ పొడవులు, 3.8×10⁻³⁴ మీటర్లు. ఇక్కడ ఆవేశ ప్రమాణాలు కలగలిపితే 4π వర్గమూలం, అంటే 3.5 రెట్ల తేడా వస్తుంది, జాగ్రత్త.

సిద్ధాంతం కుప్పకూలేది తర్వాతి గడిలో. ఒక తునక ఆవేశమున్న కణం ద్రవ్యరాశి 1.221×10¹⁹ ÷ 23.4 = 5.2×10¹⁷ జీఈవీ. ఎలక్ట్రాన్‌ది 0.000511. తేడా 10²¹ రెట్లు. ఆవేశం సరిపోయింది, బరువు సరిపోలేదు. "విద్యుత్, గురుత్వం ఒకటే" అనే కొత్త ప్రతిపాదన ఏది మీ ముందుకొచ్చినా ఈ గడిని నింపమని అడగండి.

ప్రోటాన్ పరీక్ష

బలాలు కలిస్తే ప్రోటాన్ శాశ్వతం కాదు. దాని ఆయుష్షుకి ముతక అంచనా: కలయిక శక్తి నాలుగో ఘాతాన్ని, కప్లింగ్ వర్గంతోనూ 0.938 అయిదో ఘాతంతోనూ భాగించండి. 10¹⁵ జీఈవీ, 1/40 వేస్తే 4.6×10³¹ సంవత్సరాలు. జపాన్‌లోని సూపర్-కామియోకాండే, పాజిట్రాన్, పయాన్‌లుగా విడిపోయే దారికి 2.4×10³⁴ కంటే ఎక్కువ అని 2020లో చెప్పింది, కాబట్టి ఇది ఔట్. 2×10¹⁶, 1/24.3 వేస్తే 2.7×10³⁶ దాకా వస్తుంది, ఇంకా బతికే ఉంది. శక్తి నాలుగో ఘాతంలో ఉంది గనక అక్కడ రెండు రెట్లు తప్పితే జవాబు 16 రెట్లు తప్పుతుంది. ఈ వేట తొలి డిటెక్టర్లలో ఒకటి చిత్తూరు జిల్లా సరిహద్దుకి దగ్గర్లోనే, కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున 1980ల్లో పనిచేసింది.

ఇంకో రకం లంకె: రెండు గ్లువాన్లు కలిస్తే ఒక గ్రావిటాన్

గ్లువాన్ బలమైన బలాన్ని మోసే కణం, గ్రావిటాన్ గురుత్వాకర్షణని మోస్తుందనుకునే కణం. ఇందులో ఏకీకరణ లేదు, కొత్త దిశ లేదు. కవాయి, లెవెలెన్, టై 1986లోను, బెర్న్, కరాస్కో, జొహాన్సన్ 2008లోను చూపించింది ఏమిటంటే గురుత్వాకర్షణ ఢీల లెక్కని బలమైన బలం లాంటి సిద్ధాంతపు ఢీల లెక్కని రెండుసార్లు గుణించి తెచ్చుకోవచ్చని. ధ్రువణాలు లెక్కపెడితే 2 × 2 = 4: గ్రావిటాన్‌కి 2, డైలటాన్ అనే కణానికి 1, ఆక్సియాన్ అనే కణం లాంటిదానికి 1. చివరి రెండింటినీ చేత్తో తీసేయాలి. అది మరిచిపోతే ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణ కాక వేరేదేదో వస్తుంది.

నాలుగు కణాల ఢీకి సూత్రం ఇది: గ్లువాన్ ఢీ ఒక వరసలో, అదే ఢీ చివరి రెండు కణాలు తారుమారు చేసిన వరసలో, రెండింటి లబ్ధాన్ని మొత్తం శక్తి వర్గంతో గుణించాలి. ప్రమాణాలు చూడండి. రెండు గ్లువాన్ ఢీలకీ ప్రమాణాలు లేవు, మిగిలింది శక్తి వర్గం, దాని ముందు గురుత్వ స్థిరాంకం. శక్తిని 1.221×10¹⁹తో భాగించి వర్గం చేస్తే వచ్చేది అదే. మీ షీట్‌లో నాలుగో గీత నిలువు వరస.